దారి ఖర్చు

బుధవారం, శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తాను. పాలు పొయ్యి మీద పెట్టి, వాకిట్లోకి వెళ్ళి కారుకున్న ప్లగ్గు పీకేస్తాను. రాత్రి పడుకునే ముందు ఫోను చార్జింగుకు పెట్టినట్టే దాన్నీ పెడతాను కాబట్టి, ఇందులో గొప్పగా చెప్పుకోవలసింది ఏమీ లేదు. ఐదున్నరకు బయల్దేరి ధర్మవరం దారిలో 22 కిలోమీటర్లు వెళితే మా అత్తగారి ఊరు వస్తుంది. మామయ్య అప్పటికే తువ్వాలు భుజాన వేసుకుని అరుగు మీద కూర్చుని ఉంటారు. ఆయన్ని ఎక్కించుకుని మళ్ళీ అనంతపురం వచ్చి, డయాలసిస్‌కు ఆసుపత్రిలో దించి, మధ్యాహ్నం ఊళ్ళో దిగబెట్టి ఇంటికి వస్తాను. నాలుగు తిరుగుళ్ళు, 88 కిలోమీటర్లు. మూడేళ్ళుగా ఇదే.

"మా ఇంట్లోనే ఉంచుకోవచ్చు కదా" అని మీలో కొందరికి అనిపిస్తుంది. మాకూ అనిపించింది. నెల రోజులు ఉంచుకున్నాం కూడా. ఆయన గోడకేసి చూస్తూ కూర్చునేవారు. "బర్రె ఈనిందో లేదో, సేన్లో ఎవురు తిరుగుతాండారో" అని ఒకటే మాట. మనిషి మంచం మీద కాకుండా మనసులో చిక్కిపోతుంటే చూడలేక మళ్ళీ ఊరికి పంపించేశాం.

డయాలసిస్‌కు మేం రూపాయి కట్టం, ప్రభుత్వ కార్డు మీదే జరుగుతుంది. ఖర్చంతా దారిది. మొదటి ఏడాది బాడుగ కారు పెట్టుకున్నాం. పోను రాను, కాపు కాసినందుకు కలిపి రోజుకు 1,600 రూపాయలు. నెలకు తొమ్మిది సార్లు అంటే 14,400. వైద్యం ఉచితంగా జరుగుతుంటే, వైద్యం దగ్గరికి చేరడానికి ఇంటి బడ్జెట్ కుంగిపోయింది. అదే మా ఇంట్లో కారు మాట లేవడానికి కారణం. సరదాకి కాదు.

కారు కొనాలనుకున్నాక నాకొక పిచ్చి పట్టుకుంది. రాత్రిళ్ళు పని అయ్యాక కార్ల గురించి చదవడం మొదలుపెట్టాను. ధరలు, లోన్ల గురించి చదువుతూ చదువుతూ అసలు ఈ ఎలక్ట్రిక్ కారు ఎప్పుడు పుట్టిందో అన్న చోటికి వెళ్ళిపోయాను. అక్కడ తెలిసిన సంగతి ముందుగా మీకు చెప్పాలి. ఎందుకంటే అది ఆడవాళ్ళ కథ.

మనం ఎలక్ట్రిక్ కారంటే నిన్న మొన్న వచ్చిందనుకుంటాం. 1900 ప్రాంతంలో అమెరికా రోడ్ల మీద ఉన్న కార్లలో దాదాపు మూడో వంతు కరెంటుతో నడిచేవే. మిగతావి ఆవిరివి, పెట్రోలువి. ఆ రోజుల్లో పెట్రోలు కారు కదలాలంటే ముందు నిలబడి ఇనప కమ్మీని బలంగా తిప్పాలి. అది ఒక్కోసారి ఎదురు తిరిగి కొట్టేది. మణికట్టు విరగడం మామూలు. దానికి తోడు పొగ, చప్పుడు, గేర్లతో కుస్తీ. ఎలక్ట్రిక్ కారుకు ఇవేవీ లేవు. ఎక్కి కూర్చుంటే కదులుతుంది. అందుకని కంపెనీలు దాన్ని ఆడవాళ్ళ కారుగా అమ్ముకున్నాయి. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అని ఒకటి ఉండేది. లోపల చిన్న గదిలా మెత్తటి సీట్లు, పూలు పెట్టుకోవడానికి గాజు గొట్టం కూడా. చక్రం బదులు పడవ చుక్కానిలాంటి పిడి పట్టుకుని తోలేవాళ్ళు. (మా సీమలో కారయినా, ఎద్దుల బండయినా 'తోలడమే'. 'నడపడం' అనే మాట మాకు పుస్తకాల్లోంచి వచ్చింది.)

ఇంకా తమాషా ఏమిటంటే, లోకానికంతా పెట్రోలు కారు అలవాటు చేసిన హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా ఫోర్డ్ తోలింది డెట్రాయిట్ ఎలక్ట్రిక్కే. 1914లో తయారైన ఆమె కారును ఇప్పటికీ మ్యూజియంలో పెట్టి ఉంచారు. భర్త ఊరందరికీ అమ్మే కారు ఆవిడకు నచ్చలేదన్న మాట! ఇది చదివిన రాత్రి మా ఆయన్ని నిద్ర లేపి మరీ చెప్పాను.

మరి ఎలక్ట్రిక్ కారు ఎందుకు పోయింది? రెండు కారణాలు. 1912లో చార్లెస్ కెట్టరింగ్ అనే ఆయన తయారుచేసిన సెల్ఫ్ స్టార్టర్‌ను క్యాడిలాక్ కారుకు బిగించారు. కమ్మీ తిప్పే బాధ పోయింది. పెట్రోలు కారును ఆడవాళ్ళకు దగ్గర చేసింది ఒక చిన్న ఎలక్ట్రిక్ మోటారే. అంటే ఎలక్ట్రిక్ కారును ఓడించింది కూడా కరెంటే. రెండోది ధర. అదే సంవత్సరం పెట్రోలు కారు 650 డాలర్లకు దొరికితే, ఎలక్ట్రిక్ కారుకు 1,750 పెట్టాలి. ధనవంతుల ఇళ్ళ ఆడవాళ్ళు తోలారే గానీ మామూలు ఇళ్ళకు అది చేరలేదు. 1914లో ఫోర్డ్, ఎడిసన్ ఇద్దరూ కలిసి చవక ఎలక్ట్రిక్ కారు తెస్తామని ప్రకటించారు. ఎడిసన్ బ్యాటరీ ఆ పనికి చాలలేదు, కారు రాలేదు. చవక ఎలక్ట్రిక్ కారు అనే వాగ్దానానికి అలా 100 ఏళ్ళు దాటాయి.

ఈ కథలో నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. అప్పటి మగవాళ్ళు ఎలక్ట్రిక్ కారును వెక్కిరించింది అది దూరం పోలేదని. 'బజారుకు పోయొచ్చే బండి' అన్న చిన్నచూపు. కానీ ఇంటి పనంతా ఆ బజారు దూరంలోనే ఉంటుంది కదా! బడి, రేషను, బ్యాంకు, మందుల షాపు, గుడి, పెద్దవాళ్ళ ఆసుపత్రి. రోజంతా తిరిగినా మన కిలోమీటర్లు ఎవరి లెక్కలోకీ రావు. మగవాళ్ళ లెక్క ఎప్పుడూ "హైదరాబాదు దాకా పోతుందా?" అనే. ఏడాదికి రెండుసార్లు పోయే హైదరాబాదు కోసం 363 రోజుల తిరుగుడును మర్చిపోతే ఎలా?

మా ఇంట్లోనూ సరిగ్గా ఇదే వాదన నడిచింది. దాని దగ్గరికి వస్తాను. అంతకంటే ముందు మా అనంతపురంలో ఆడవాళ్ళు బండెక్కిన కథ కొంచెం చెప్పాలి.

మా జేజి కాలంలో ఎద్దుల బండే. ఆమె బండి తోలేది, కానీ ఊరి పొలిమేర దాటితే పగ్గాలు జేజినాయనకు ఇచ్చి వెనక కూర్చునేదట. తర్వాత ఎర్ర బస్సు. 1980లో హోసూరులో తయారైన టీవీఎస్ 50 వచ్చాక మా పల్లెల రూపే మారింది. పాల క్యాన్లు, గడ్డి మోపు, బుడ్డల మూట, వాటి మీద ఒక పిల్లాడు, అన్నీ దాని మీదే. అది ఇద్దరు కూర్చోగలిగే మోపెడ్. ఆ రెండో సీటు మాత్రం చాలా ఏళ్ళు ఆడవాళ్ళదే. మేం పక్కకు తిరిగి కూర్చుని, కొంగు చక్రంలో పడకుండా పట్టుకుని ప్రయాణించిన తరం.

1984లో కైనెటిక్ హోండా వచ్చింది. గేర్లు లేవు, బటన్ నొక్కితే స్టార్టవుతుంది. కిక్కు కొట్టక్కర్లేదు. ఆ తర్వాత స్కూటీలు. మా కాలేజీలో మొదటిసారి స్కూటీ మీద వచ్చిన మేడం గారిని చూడడానికి మేమంతా గేటు దగ్గర నిలబడ్డాం. మీరు గమనించారా? అమెరికాలో 1912లో జరిగిందే మనకు 1984లో జరిగింది. బండి తోలే తెలివి ఆడవాళ్ళకు లేక కాదు ఆగింది. కమ్మీ తిప్పడం, కిక్కు కొట్టడం దగ్గర ఆగింది. అది తీసేయగానే ఊళ్ళన్నీ స్కూటీలే.

కారు దగ్గర మాత్రం మళ్ళీ ఆగిపోయాం. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చి మధ్యతరగతి ఇళ్ళలో కారు అన్న ఆశ పెట్టింది. ఆ కారు ముందు సీటుకు ఆడది చేరింది గానీ, స్టీరింగు వైపు కాదు. నేను 2009లో ఒకసారి డ్రైవింగ్ స్కూల్లో చేరాను. క్లచ్చు, బ్రేకు, యాక్సిలరేటరు, మూడింటికీ రెండు కాళ్ళు. క్లాక్ టవర్ దగ్గర ఫ్లైఓవరు ఎత్తు మీద కారు ఆగిపోయి వెనక్కి జారింది. వెనకున్న లారీ హారన్ ఇప్పటికీ కల్లోకి వస్తుంది. లైసెన్సు అయితే వచ్చింది. మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు.

మన దగ్గర చవక ఎలక్ట్రిక్ కారు ప్రయత్నం నిజానికి మాకు పక్కనే జరిగింది. 2001లో బెంగుళూరులో రేవా వచ్చింది. చేతన్ మైని తయారుచేసిన కారు. రెండు తలుపులు, వెనక పిల్లలు మాత్రమే పట్టే సీటు, లెడ్ యాసిడ్ బ్యాటరీలు. ఇన్వర్టరులో ఉంటాయే, నీళ్ళు పోయాల్సినవి, ఆ జాతివే. ఒక్క చార్జికి 80 కిలోమీటర్లు పోతుందనేవారు. మా చిన్నాన్న కొడుకు బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ అది చూసి, "అక్కా, అది బొమ్మ కారు" అని నవ్వాడు. అదే కారును లండన్‌లో జీ-విజ్ పేరుతో కొనుక్కుని ఊళ్ళో తిరిగారు. మనం నవ్వాం. బెంగుళూరు నుంచి అనంతపురం 200 కిలోమీటర్ల పైమాటే. పుట్టిన ఊరి నుంచి మా ఊరికి రావాలంటే దారిలో రెండుసార్లు రాత్రి నిద్ర చేయాలి! 2010లో మహీంద్రా వాళ్ళు ఆ కంపెనీని తీసుకున్నారు. రేవా దారిలో చిన్న పేజీ అయిపోయింది గానీ, ఊరిలో తిరగడానికి ఇంతే కారు చాలని చెప్పిన ధైర్యం దానిదే అని నా అభిప్రాయం.

దాని తర్వాత టాటా నానో, 2009లో. పెట్రోలుదే అయినా చెప్పాలి. లక్ష రూపాయల కారు అన్న పేరు దేశమంతా మోగింది. ఆ పేరే దాన్ని ముంచిందని నేననుకుంటాను. మన ఇళ్ళలో కారు కొనేది సగం అవసరానికి, సగం వీధి వాళ్ళు చూడడానికి. 'చవక కారు' అని పలకగానే ఆ రెండో సగం పోయింది. 2018తో దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడొచ్చే చిన్న ఎలక్ట్రిక్ కార్ల వాళ్ళు ఆ పాఠం బాగా నేర్చుకున్నారు. ఎవరూ 'చవక' అనరు. 2022 సెప్టెంబరులో టియాగో ఎలక్ట్రిక్ 8 లక్షల 49 వేల ప్రారంభ ధరకు వచ్చినప్పుడు నాకు తెలిసిన ఆడవాళ్ళలో ఆ సంగతి ఫోన్లలో తిరిగింది. మరుసటి ఏడు ఎంజీ కామెట్ అనే బుల్లి కారు. 2019 ఆగస్టులో ఎలక్ట్రిక్ వాహనాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. ధర మన చేతికి కొంత దగ్గరవడానికి అదీ ఒక కారణం.

ఇక మా జిల్లా సంగతి. నా పుట్టిల్లు హిందూపురం వైపు. అనంతపురం నుంచి హైవే మీద పోతే పెనుకొండ దాటాలి. చిన్నప్పుడు ఆ దారంతా ఎర్రమట్టి, రాళ్ళ గుట్టలు, వానకోసం మొహం పైకెత్తిన బుడ్డల చేలు. మా దగ్గర ఏడాది మొత్తం కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే పడినట్టు. దేశంలో జైసల్మేరు తర్వాత మేమే అని చిన్నప్పటి నుంచి గర్వమో ఏడుపో తెలీకుండా చెప్పుకుంటాం. 1565లో విజయనగరం కూలిపోయాక రాజధాని పెనుకొండకు వచ్చిందని మా సోషల్ టీచరు చెబితే, బస్సు కిటికీలోంచి ఆ మొండి గోడలు చూసి మాకు నమ్మబుద్ధి కాలేదు.

ఆ పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం జరిగింది. 2019 ఆగస్టులో మొదటి కారు సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. 536 ఎకరాలు. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యం. హంద్రీనీవా కాలువలో కృష్ణా నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయరు దాకా వచ్చాకే ఆ ఫ్యాక్టరీకి నీటి భరోసా దొరికింది. కార్లకు కూడా నీళ్ళు కావాలని నాకు అప్పటిదాకా తెలీదు! హైవే పక్కన కొరియన్ అక్షరాల బోర్డులతో హోటళ్ళు వచ్చాయి. మా పిన్ని మనవడికి అందులో పని దొరికింది. 2022లో జిల్లాలు విడిపోయి అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినా, మేం 'మా అనంతపురం కియా' అనే అంటాం.

2025 జులైలో కియా వాళ్ళు ఇండియాలో తయారుచేసిన తమ మొదటి ఎలక్ట్రిక్ కారు, క్యారెన్స్ క్లావిస్ ఈవీ, అమ్మకానికి పెట్టారు. మా గడ్డ మీద తయారైన ఎలక్ట్రిక్ కారు! పేపర్లో చూసి సంబరపడ్డాను. ధర చూశాను. మొదలయ్యేదే 17 లక్షల 99 వేలు. పేపరు మడిచి పెట్టేశాను. అది మంచి కారే అయ్యుండొచ్చు, ఏడుగురు పడతారు. కానీ ఆ ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న పల్లెల్లో బుడ్డల సాగు చేసుకునే ఇంటికి అది ఎన్ని పంటలు? అన్ని పంటలూ పండే ఏళ్ళు వరసగా ఎప్పుడైనా వచ్చాయా? నాకు ఫ్యాక్టరీ మీద కోపం లేదు. మా పిన్ని ఇంట్లో అన్నం అదే పెడుతోంది. చవక అన్న మాట మాత్రం ఎవరి జేబు నుంచి చూసి అంటున్నామో అడగాలనిపిస్తుంది.

మా జేబు సంగతి చెబుతాను. 2023 మొదట్లో మేం తీసుకున్న చిన్న ఎలక్ట్రిక్ కారు, అన్నీ కలిపి పదిన్నర లక్షలు. ఇంట్లో దాని మీద మూడు వారాలు పంచాయితీ. మా ఆయన, మరిది ఇద్దరూ ఒక వైపు. "ఇదే డబ్బుకు మంచి పెట్రోలు కారు వస్తుంది. తిరుపతి పోవాలంటే? హైదరాబాదు పోవాలంటే?" మరిది అయితే, "వదినా, ఎండకు బ్యాటరీ ఉడికిపోతుంది, ఇది అనంతపురం" అన్నాడు.

నేను పాత క్యాలెండరు వెనక లెక్క రాసి పెట్టాను. నెలకు దాదాపు 790 కిలోమీటర్లు. పెట్రోలు కారు లీటరుకు 15 ఇచ్చిందనుకుంటే 53 లీటర్లు, 110 చొప్పున 5,800 రూపాయలు. ఎలక్ట్రిక్ అయితే 113 యూనిట్లు, యూనిట్ 8 వేసుకున్నా 900. బాడుగ కారుకు ఇస్తున్నది 14,400. ఐదున్నర లక్షలు లోను తీసుకుంటే ఐదేళ్ళకు నెల కంతు 11,400 చిల్లర. కంతు, కరెంటు కలిపినా బాడుగ కంటే తక్కువే. పైగా ఐదేళ్ళ తర్వాత కారు మనది.

"మరి డ్రైవరు?" అన్నాడు మా ఆయన.

"నేనే" అన్నాను. అనేశాక నాకే గుండె దడదడలాడింది. నాకప్పుడు 46 ఏళ్ళు.

మిగతా ఐదు లక్షలకు చీటీ పాడాను. అది చాలక మా అమ్మ పెళ్ళికి పెట్టిన గాజులు నాలుగు తీసి టవల్లో చుట్టి ఇచ్చాను. అమ్మకు చెప్పలేదు. ఏడాది తర్వాత చెబితే, "చేతికుంటే నువ్వే చూసుకుంటావు, ఇప్పుడు ఊరంతా చూస్తాండారు" అని నవ్వేసింది. నేను ఆ రాత్రి కొంచెం ఏడ్చానని మాత్రం ఆమెకు చెప్పలేదు.

కారు నేర్చుకోవడం నాలుగు రోజుల పని అయింది. క్లచ్చు లేదు, గేరు లేదు. ఎత్తు మీద ఆగినా వెనక్కి జారదు. నన్ను పదమూడేళ్ళు ఆపేసిన ఫ్లైఓవరు ఎక్కి దిగి, మళ్ళీ చుట్టూ తిరిగి వచ్చి ఇంకోసారి ఎక్కాను. పక్కనున్న మా అబ్బాయి, "అమ్మా, ఆసుపత్రి ఇటు కాదు" అన్నాడు. తెలుసురా నాయనా.

బాగున్నవే చెప్పి ఊరుకుంటే మీకు అన్యాయం చేసినట్టు. కాగితం మీద 315 కిలోమీటర్లు అన్నారు. మా ఎండల్లో ఏసీ వేసుకుంటే 190 దాటి నేనెప్పుడూ చూడలేదు. కొనేటప్పుడే సగానికి కొంచెం పైన లెక్కేసుకోండి, బాధ ఉండదు. మే నెలలో కారును ఎండలో పెట్టి చార్జింగు పెట్టను. తెల్లవారుజామునో, రాత్రి పదకొండు తర్వాతో పెడతాను. మూడేళ్ళలో బ్యాటరీ ఉడికిపోలేదు గానీ, ఎనిమిదేళ్ళకు ఎలా ఉంటుందో అప్పుడు రాస్తాను. ఇంట్లో చార్జింగు పెట్టడంతో కరెంటు బిల్లు పై స్లాబులోకి పోయి మొదటి రెండు నెలలు కళ్ళు తిరిగాయి. నా క్యాలెండరు లెక్కలో ఆ సంగతి లేదు. అద్దె ఇంట్లో, మూడో అంతస్తులో ఉండేవాళ్ళకు ప్లగ్గు పెట్టే చోటే ఉండదు. వాళ్ళకు ఈ కారు నేను చెప్పను.

ఇంకో రాత్రి సంగతి. పుట్టింట్లో పెళ్ళికి హిందూపురం వెళ్ళి వస్తున్నాం. పోను రాను 220 కిలోమీటర్లు, ఒక్క చార్జికి చాలదు. వచ్చేటప్పుడు హైవే మీద ఒక చోట పెట్టుకుందామని అనుకున్నాం. ఫోనులో ఆ చార్జరు పనిచేస్తోందనే చూపించింది. వెళ్ళి చూస్తే తెర నల్లగా ఉంది. వాన, రాత్రి తొమ్మిదిన్నర, బ్యాటరీ 11 శాతం. మా మరిది వెనక సీట్లోంచి ఒక్క మాట అనలేదు, ఆ మౌనమే ఎక్కువ. హైవే దిగి, పెనుకొండ పక్క పల్లెలో ఉన్న మా పిన్ని ఇంటికి పోయాం. మోటారుకు పెట్టే పదిహేను ఆంపియర్ల సాకెట్టుకు ప్లగ్గు పెట్టి, గంటకు పదిహేను కిలోమీటర్ల చొప్పున ఎక్కుతుంటే చూస్తూ కూర్చున్నాం. పిన్ని ఆ వేళలో ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేసింది. తెల్లవారుజామున నాలుగుకు బయల్దేరాం. ఆ మరునాడు బుధవారం అయి ఉంటే ఏమయ్యేది అన్న భయం నాకింకా పోలేదు. అప్పటి నుంచి మంగళవారం, శుక్రవారం కారు ఊరు దాటదు. అది మా ఇంటి చట్టం.

2024లో మేడ మీద 3 కిలోవాట్ల సోలారు పెట్టించాం. పీఎం సూర్యఘర్ కింద 78,000 సబ్సిడీ వచ్చింది. మంచి ఎండ కాస్తే రోజుకు 12 యూనిట్లు. మామయ్య ఆసుపత్రి రోజు తిరిగే 88 కిలోమీటర్లకు కూడా దాదాపు అంతే. పగలు పైన పుట్టిన కరెంటు లైనుకు పోతుంది, రాత్రి మేం లైను నుంచి తీసుకుంటాం, మీటరు రెండూ లెక్కేస్తుంది. ఎండ అంటే మా మామయ్యకు పగ. ఆయన చేను ఎన్నిసార్లు మాడ్చిందో ఆయన నోటితో వింటే తప్ప అర్థం కాదు. కదిరి పక్క నంబులపూలకుంటలో వేల ఎకరాల్లో సోలారు పలకలు పరిచారనీ, రామగిరి గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయనీ ఆయనకు తెలుసు. ఇంటి మీద చూసిన రోజు మాత్రం మేడ మెట్లు మెల్లగా ఎక్కి వచ్చి, పలక మీద చెయ్యి పెట్టి, కాలి వెనక్కి తీసుకున్నారు. "దొంగముండది, ఇన్నేండ్లకు పన్జేస్తాంది" అన్నారు.

మొదట్లో ఆయన నా బండెక్కడానికి ఒప్పుకోలేదు. "ఆడబిడ్డ తోలితే నేను ఎక్కనమ్మా" అని కాదు. "కోడలితో పని చేయించుకోవాల్నా" అని. ఇప్పుడు కూర్చోగానే తెర మీద అంకె చూస్తారు. "ఎంతుంది?" "తొంభై మామయ్యా." "చాలు పద." డయాలసిస్ అయ్యాక ఒంట్లో సత్తువ ఉండదు. పాత బాడుగ కారులో గతుకుకూ గేరుకూ ఊగిపోయి దారిలో వాంతి చేసుకునేవారు. ఇందులో చప్పుడు లేదు, కుదుపు తక్కువ. చాలాసార్లు నిద్రపోతారు. నేను రోడ్డు కంటే ఆయన ఊపిరి ఎక్కువ వింటుంటాను.

పోయిన నెల ఒక ఆదివారం అత్తమ్మ ఫోను చేసింది. ఆమె ఎప్పుడూ తనకోసం ఏమీ అడగదు. కాసేపు బర్రె గురించి, చింతపండు గురించి మాట్లాడి, "పాపా, మా చెల్లెలు ఊరు పదిహేడు కిలోమీటర్లు. బస్సు ఆపేసి నాలుగేండ్లాయ. దానికీ మోకాళ్ళు లెయ్యవు, నాకూ లెయ్యవు. అంత దూరం ఆ కరెంటు బండి పోతాదా?" అంది.

ఎదురుగా గోడకు ఆ పాత క్యాలెండరు ఇంకా ఉంది. మా ఊరి నుంచి వాళ్ళూరు 22, అక్కడి నుంచి 17, మళ్ళీ వెనక్కి అంతే, మొత్తం 78. "పోతుంది అత్తమ్మా, తయారుగా ఉండండి" అన్నాను.

వెళ్ళేసరికి వాకిట్లో ఉతికిన చీర కట్టుకుని, ఒళ్ళో బుడ్డల సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. ముందు సీటు తలుపు తీశాను. వెనక్కి పోబోయి, ఆగి, ముందే కూర్చుంది.